రాముడి పేరు, డెట్రాయిట్ గొంతు: ఆలిస్ కోల్ట్రేన్ ఆశ్రమ క్యాసెట్లు

కాలిఫోర్నియా కొండల్లో ఒక నల్లజాతి స్త్రీ కాషాయం కట్టుకుని, ఆర్గన్ ముందు కూచుని, సంస్కృతంలో రాముణ్ణీ కృష్ణుణ్ణీ పాడింది. విన్నది ఆమె ఆశ్రమంలోని జనం. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే. ఆ పాటలు క్యాసెట్లకెక్కాయి గానీ పెద్ద కంపెనీల దుకాణాలకు పోలేదు. ఆమె పేరు ఆలిస్ కోల్ట్రేన్.

ఈ పాటల గురించి దళిత పత్రికలో రాయాల్సిన పనేముంది అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. మన దగ్గర రాముడి పేరు ఎవరి చేతిలో ఏ పనికొచ్చిందో 1992 డిసెంబరు 6 తర్వాత ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. శంబూకుడి తల దగ్గర్నుంచి లెక్క తీస్తే ఆ చరిత్ర ఇంకా పొడుగు. నల్లవాళ్ళు కూడా భజన చేస్తున్నారంటే 'చూశారా, మా ధర్మం గొప్ప' అని మురిసిపోయేవాళ్ళు ఒకవైపు ఉన్నారు. 'పాపం, మోసపోయింది' అని రెండు ముక్కల్లో తేల్చేసే మనవాళ్ళు ఇంకోవైపు ఉన్నారు. మా దృష్టిలో ఈ ఇద్దరూ పాట వినలేదు. పాటలోని మాటలు మాత్రం చదివారు. పాడింది ఎవరు, ఏ గొంతుతో, ఎవరి మధ్య కూచుని, ఎవరి కోసం అన్నది ఇద్దరి లెక్కలోకీ రాలేదు.

మేం చెప్పదలచుకున్నది ఇదీ. ఈ క్యాసెట్లలో మాటలు వైష్ణవ, శైవ భజనల నుంచి వచ్చాయి. పాట మాత్రం నల్లవాళ్ళ చర్చి నుంచి వచ్చింది. కులం కాపలా లేని చోట గనక ఆమె ఆ మాటల్ని తీసుకోగలిగింది. కాబట్టి ఈ పాటల్ని హిందూ భక్తికి యోగ్యతాపత్రంగా చూపించడం కుదరదు. అయితే పూజారి లేకుండా, మార్కెట్ లేకుండా ఒక జనం తన పాటను తనే కట్టుకుని తనే దాచుకుంది. ఆ పని మనకు కావలసిన పని. మన వాడల్లోని భక్తి పాటల పట్ల మన విమర్శ ఇన్నాళ్ళూ చూపించిన చిన్నచూపును కూడా అది నిలదీస్తుంది.

1. మనిషి, క్యాసెట్లు

ఆలిస్ మెక్లౌడ్ 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. మోటారు కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. దక్షిణాది పత్తి చేల నుంచి, తెల్లవాళ్ళ మూకహత్యల నుంచి తప్పించుకుని వచ్చిన నల్లవాళ్ళు కూలికి చేరిన ఊరు. తల్లి చర్చి సంగీతంలో ఉన్న మనిషి. ఆలిస్ చిన్నతనంలోనే మౌంట్ ఆలివ్ బాప్టిస్టు చర్చిలో ఆర్గన్ వాయించింది. తర్వాత జాజ్ పియానోలో పేరు తెచ్చుకుంది. 1965లో జాన్ కోల్ట్రేన్‌తో పెళ్ళయింది. 1966 నుంచి అతని బృందంలో పియానో ఆమెదే. 1967 జూలైలో కోల్ట్రేన్ కాలేయ క్యాన్సరుతో చనిపోయాడు. అతనికి 40 ఏళ్ళు. ఆమెకు 30 నిండలేదు. చేతిలో నలుగురు పిల్లలు.

ఆ తర్వాత ఆమె నిద్రపోలేదు, చిక్కిపోయింది, ఏవేవో దర్శనాలు చూసింది. ఆ కాలాన్ని 1977లో రాసిన 'మాన్యుమెంట్ ఎటర్నల్' అన్న చిన్న పుస్తకంలో తపస్సుగా చెప్పుకుంది. డాక్టర్లు దాన్ని ఇంకో పేరుతో పిలవొచ్చు. మేం ఆ చర్చలోకి పోవడం లేదు. ఆ రోజుల్లోనే న్యూయార్క్ దగ్గర డిక్స్ హిల్స్‌లోని సొంతింటి స్టూడియోలో ఆమె రికార్డింగులు మొదలుపెట్టింది. ఆమె పేరుతో వచ్చిన మొదటి ఆల్బం 'ఎ మొనాస్టిక్ ట్రియో' (1968) ఆ ఇంటి సరుకే. పియానో పక్కన హార్ప్ చేరింది. నిలబెట్టి మీటే పెద్ద తంతివాద్యం అది.

1970లో స్వామి సచ్చిదానంద దగ్గరికి చేరింది. ఆ ఏడాది చివర్లో భారతదేశం వచ్చింది. 1971లో 'జర్నీ ఇన్ సచ్చిదానంద' విడుదలైంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియా చేరింది. 1975లో వేదాంతిక్ సెంటర్ పెట్టింది. 1976లో కాషాయం కట్టింది. తురీయసంగీతానంద అన్న పేరు పెట్టుకుంది. 1978లో వచ్చిన 'ట్రాన్స్‌ఫిగరేషన్' తర్వాత 2004 దాకా, అంటే 26 ఏళ్ళపాటు, వాణిజ్య కంపెనీలకు ఒక్క కొత్త ఆల్బం కూడా ఇవ్వలేదు. 1983లో లాస్ ఏంజెలిస్‌కు పడమరగా అగూరా దగ్గర 48 ఎకరాల్లో ఆశ్రమం పెట్టింది. అక్కడ ఆదివారం ఆదివారం జనం కూడేవాళ్ళు. ఆమె ఆర్గన్ వాయించేది, అందరూ పాడేవాళ్ళు. ఆశ్రమానికి 1990లలో సాయి అనంతం అని పేరు మారింది. ఆ సాయి మన పుట్టపర్తి సత్యసాయిబాబాయే. కాబట్టి ఈ కథకు ఆంధ్రదేశంతో ఉన్న చుట్టరికం మేం కల్పించింది కాదు.

లోకం ఆమెను ఏకాంతంలోకి పోయిన మనిషి అంది. ఆ ఏకాంతంలో తయారైనవే ఈ క్యాసెట్లు: 'తురీయ సింగ్స్' (1982), 'డివైన్ సాంగ్స్' (1987), 'ఇన్ఫినిట్ చాంట్స్' (1990), 'గ్లోరియస్ చాంట్స్' (1995). ఆశ్రమం సొంత ప్రచురణ సంస్థ అవతార్ బుక్ ఇన్‌స్టిట్యూట్ వీటిని తెచ్చింది. ఎక్కువగా భక్తుల చేతుల్లోనే తిరిగాయి. ఆమె 2007 జనవరి 12న చనిపోయింది.

2. చెవికి ఆనేది ఏమిటి

'తురీయ సింగ్స్'లో ఆమె గొంతు విప్పి పాడింది. అంతకుముందు ఆమె చేతులు తెలుసు గానీ గొంతు లోకానికి తెలియదు. ఆ గొంతు బాగా కిందిస్థాయిలో ఉంటుంది. ఆడగొంతు అంటే సన్నగా, తీయగా, పైస్థాయిలో ఉండాలన్న సినిమా పాటల అలవాటు ఉన్న మన చెవులకు మొదట ఎవరో మగమనిషి పాడుతున్నట్టు కూడా అనిపించవచ్చు. గమకం లేదు. ఆలాపన విన్యాసం లేదు. పాట నెమ్మదిగా నడుస్తుంది. ఉచ్చారణ అమెరికా ఉచ్చారణ. మన సంగీత సభలవాళ్ళు వింటే అక్షరానికో తప్పు పట్టొచ్చు.

కింద ఆర్గన్ ఏం చేస్తోందో గమనించాలి. మన భజనలో శ్రుతి ఒకటి నిలబడి ఉంటుంది, పాట దాని మీద తిరుగుతుంది. ఇక్కడ మాట మాటకూ కింద స్వరాల గుంపు మారుతుంది. ఒక బరువు నుంచి ఇంకో బరువుకు దిగుతుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇది నల్లవాళ్ళ చర్చి ఆర్గన్ నడక. పాస్టరు ప్రార్థన చేస్తుంటే వెనక నుంచి ఆర్గన్ మెల్లగా అందుకుని, మనుషుల్ని ఏడుపు దాకా తీసుకుపోయి నిలబెట్టే నడక. 'రామకథ' అని పేరున్న పాటలో అయోధ్య వినబడదు. ఎవరో చనిపోయిన ఇంట్లో కూచున్నట్టు ఉంటుంది.

తర్వాతి క్యాసెట్లలో జనం వస్తారు. 'ఓం రామ' అన్న పాటను చప్పట్లు నడిపిస్తాయి. సింథసైజరు శబ్దం సైరన్ మాదిరిగా కింద నుంచి పైకి జారుతూ పోతుంది. గుంపు ఒకేసారి అందుకుంటుంది. నడుమ నడక మారి పూర్తిగా గాస్పెల్ అయిపోతుంది. ఒకరు అందిస్తే అందరూ అందుకోవడం మన భజనలోనూ ఉంది, బుర్రకథ వంతలోనూ ఉంది. కానీ ఇక్కడ అందుకునే తీరు వేరు. వెనకాల ఉన్నవాళ్ళు ముందున్న మనిషి మాటను తిరిగి అప్పజెప్పరు. దాని మీద కేక వేస్తారు, సాగదీస్తారు, అడ్డం పడతారు. చప్పట్లు కూడా దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య పడతాయి. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషులు డోళ్ళు వాయిస్తే తిరగబడతారని యజమానులు చాలాచోట్ల డోళ్ళను నిషేధించారు. చేతులూ కాళ్ళూ డోళ్ళయ్యాయి. ఆ చేతులే ఇక్కడ రాముడికి చప్పట్లు కొడుతున్నాయి.

డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ 1903లో అచ్చయిన 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్'లో అధ్యాయాల తలమీద నల్లవాళ్ళ దుఃఖగీతాల స్వరాల్ని అచ్చువేశాడు. మాటలు వేయలేదు, స్వరలిపి మాత్రమే వేశాడు. మాటల్ని యజమాని బైబిలు నుంచి తీసుకున్నా స్వరంలో ఉన్న చరిత్ర యజమానిది కాదన్న సంగతి ఆయనకు తెలుసు. ఆలిస్ కోల్ట్రేన్ క్యాసెట్లను మేం ఆ పద్ధతిలోనే వినాలంటున్నాం. యజమాని దేవుడి పేరు మార్చినా, అసలు దేవుడినే మార్చినా, స్వరం సాక్ష్యం మారలేదు.

3. ఒక బాప్టిస్టు గుమ్మం, రెండు దారులు

ఇక్కడ మన చరిత్రలోని ఒక సంగతి పక్కన పెట్టి చూడాలి. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతపు మాదిగలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కాంట్రాక్టు తీసుకున్న బకింగ్‌హాం కాలువ పనిలో మట్టి మోశారు. కరువు కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ మిషన్ను నడిపింది తెల్లవాళ్ళ బాప్టిస్టులు. ఆలిస్ పెరిగింది నల్లవాళ్ళ బాప్టిస్టు చర్చిలో. ఒకే మతశాఖలో కూడా ఈ రెండూ వేరు వేరు ఇళ్ళే అన్నది మరచిపోకూడదు. అయినా గుమ్మం మీద రాసిన పేరు ఒకటే. మాదిగలు ఊరి కట్టు నుంచి తప్పుకుని ఆ గుమ్మంలోకి నడిచారు. సుమారు వందేళ్ళ తర్వాత డెట్రాయిట్ బిడ్డ అదే గుమ్మం దాటి రాముడి పేరు వైపు నడిచింది.

ఇంకో మెలిక ఉంది. ఆ ఉద్యమానికి మొదటి అడుగు వేసినవాడు యర్రగుంట్ల పేరయ్య, మాదిగ. క్రైస్తవానికి రాకముందు ఆయన రాజయోగ గురువుల బోధ విన్నవాడు. పోతులూరి వీరబ్రహ్మం పరంపర, మాదిగవాడల్లో తిరిగిన యోగులు, స్త్రీ గురువులు, వీటన్నిటి గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో అచ్చయిన 'వైల్ సోయింగ్ శాండల్స్' పుస్తకంలో రాసింది. అంటే మనవాళ్ళు యోగం నుంచి బాప్టిస్టు చర్చికి వచ్చారు. ఆమె బాప్టిస్టు చర్చి నుంచి యోగానికి వెళ్ళింది. ఎదురెదురుగా నడిచిన ఈ రెండు గుంపులూ వెతికింది ఒక్కటే అని మేం అనుకుంటున్నాం. మధ్యలో మనిషి అడ్డం లేకుండా దేవుడితో మాట్లాడే హక్కు, ఆ మాట మాట్లాడేటప్పుడు తల ఎత్తుకుని నిలబడే హక్కు, ఇవే వాళ్ళు వెతికారు.

అయితే ఇద్దరి ముందూ ఉన్న తలుపు ఒకటి కాదు. వేదం విన్న శూద్రుడి చెవిలో కరిగిన లోహం పోయమని గౌతమ ధర్మసూత్రం రాసింది. చోఖామేళా పండరినాథుణ్ణి ఎంత పాడినా గుడి బయటే ఉండిపోయాడు. ఆయన సమాధి కూడా గుడి మెట్ల దగ్గరే ఉంది. నందనారు గుళ్ళోకి పోవాలంటే నిప్పుల్లో నడిచి పోవాల్సి వచ్చిందని కథ చెప్పుకుంటారు. అదే సంస్కృతాన్ని అగూరాలో ఒక నల్లస్త్రీ నోరారా పలికింది. అడ్డుకునే అగ్రహారం అక్కడ లేదు. ఆమె పూర్వీకుల్ని బానిసలుగా అమ్మినవాడి చేతిలో భగవద్గీత లేదు, బైబిలు ఉంది. కాబట్టి ఆమెకు రాముడి పేరు కొత్త పేరు. నెత్తుటి మరక లేని పేరు. మనకు అది అట్లా లేదు.

'ఆమెకు లేని అభ్యంతరం మీకెందుకు' అని ఎవరైనా అడిగితే మా జవాబు ఇదే. అమెరికా విమానాశ్రయంలో దిగేటప్పుడు భక్తి తన వెంట ఉన్న కాపలాదారుణ్ణి చాలావరకు దాచుకుని దిగింది. భక్తి స్వభావమే అంత అనుకుంటే పొరపాటు. అక్కడికి వలసపోయిన మనవాళ్ళు కులాన్ని కూడా వెంట తీసుకుపోయారనీ, అక్కడి ఆఫీసుల్లో, సంఘాల్లో కులం మీద ఫిర్యాదులు లేచాయనీ ఇప్పుడు అందరికీ తెలుసు.

4. బోర్లించిన కుండ

ఈ పాటల్ని సొంత పాటలు, ఆంతరంగిక పాటలు అని పిలుస్తారు. ఆంతరంగికం అంటే లోకం నుంచి పారిపోవడం అన్న అర్థం మన అభ్యుదయ విమర్శలో స్థిరపడిపోయింది. వీధిలో పాడింది ఉద్యమం, ఇంట్లో పాడింది మత్తు. ఈ లెక్కను నల్లవాళ్ళ చరిత్ర ఒప్పుకోదు.

బానిసత్వ కాలంలో తెల్ల యజమాని చర్చిలో ఉపదేశం ఒక్కటే: యజమాని మాట వినండి. బానిసలు ఆదివారం అది విని, రాత్రిపూట అడవిలో, వాగుల ఒడ్డున దొంగచాటుగా తమ సొంత ప్రార్థన పెట్టుకునేవాళ్ళు. చప్పుడు బయటికి పోకుండా ఇనప కుండనో బానినో బోర్లించి పెట్టేవాళ్ళు. అది శబ్దాన్ని పట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. శబ్దశాస్త్రం ఏమన్నా అననీ, మనకు ముఖ్యమైంది ఆ కుండ అర్థం. పాట దాచుకోవలసిన వస్తువు. యజమాని చెవిన పడితే వీపు చిట్లుతుంది. పొలాల నుంచి పారిపోయే పథకాలు, తిరుగుబాట్ల మాటలు ఇట్లాంటి కూటాల్లోనే కలిసి పుట్టాయి. నల్లవాళ్ళ ఏకాంత ప్రార్థనకు ఇంత చరిత్ర ఉంది.

ఆలిస్ మూసుకున్న తలుపును కూడా ఈ చరిత్రలో పెట్టి చూడాలి. ఆమెను ఎవరూ కొరడాతో కొట్టలేదు నిజమే. కానీ జాజ్ లోకం మగవాళ్ళ లోకం. ఆమె సంగీతాన్ని భర్త నీడగా లెక్కగట్టిన విమర్శకులు తక్కువమంది కాదు. జాన్ మిగిల్చిపోయిన రికార్డింగుల మీద ఆమె తంతివాద్యాలు చేర్చి 1972లో విడుదల చేస్తే ఎంత తిట్టాలో అంత తిట్టారు. నల్లస్త్రీకి సంగీతం మీద ఒక ఆలోచన ఉండొచ్చన్నది వాళ్ళకు తట్టలేదు. అట్లాంటి బజారు నుంచి ఆమె లేచి వచ్చింది. వచ్చి తన పాట ఎవరు వినాలో, ఎప్పుడు వినాలో తనే నిర్ణయించుకుంది. మాస్టరు టేపు ఆమెది, ముద్రణ ఆమెది, వినే జనం ఆమె జనం. ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయన్న ప్రశ్న ఆ 48 ఎకరాల్లో చెల్లని కాసు.

ఇంకొకటి. బ్రాహ్మణీయ ఆచారంలో విధవకు ఉన్న చోటు మనకు తెలుసు. శుభకార్యంలో ఎదురు రాకూడదు. ఆ ధర్మం పేరుతోనే పాడుతూ ఈ విధవ గద్దె మీద కూచుంది. నలుగురు పిల్లల తల్లి, స్వామిని అయింది. ఆమెకు దీక్ష ఇచ్చే మఠం లేదు. తనకు దైవమే చెప్పిందని చెప్పుకుంది. మన దగ్గర అది చెల్లేదా? మఠాల సంగతి అటుంచి, మామూలు గుడిలో దళిత స్త్రీ అర్చక పీఠం ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి.

5. మా అభ్యంతరాలు

ఇంతదాకా చెప్పినదాన్ని బట్టి మేం ఈ క్యాసెట్లకు మంగళహారతి పడుతున్నామని అనుకోవద్దు. విమర్శ అన్నాక లెక్క రెండువైపులా రాయాలి.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హాంలో తెల్లజాతి దురహంకారులు చర్చిలో బాంబు పెట్టి నలుగురు బాలికల్ని చంపారు. అదీ బాప్టిస్టు చర్చే. రెండు నెలలకు జాన్ కోల్ట్రేన్ 'అలబామా' రికార్డు చేశాడు. మాటలు లేని ఆ పాటలో ఊరి పేరు ఉంది. ఆశ్రమ క్యాసెట్లలో ఏ ఊరి పేరూ లేదు, ఏ శవం పేరూ లేదు. రాముడు, కృష్ణుడు, శివుడు, నారాయణుడు ఉన్నారు. దుఃఖం స్వరంలో ఉంది గానీ దానికి కారకుడెవరో ఎక్కడా చెప్పలేదు. కారకుడి పేరు లేని దుఃఖాన్ని ఎవరైనా తమ సొంతం చేసుకోవచ్చు. కారకుడు కూడా చేసుకోవచ్చు. ఇది చిన్న లోపం కాదు.

రెండోది గురువు సమస్య. పూజారిని తప్పించుకున్న మనిషి గురువుకు మొక్కింది. మానవజాతి ఒక్కటే కులం అన్న బోధ పుట్టపర్తి నుంచి వచ్చింది నిజమే. మాల మాదిగ వాడల్లో మేం ఇట్లాంటి మాటలు చాలామంది గురువుల నుంచి విన్నాం. కులం లేదు అనడం వేరు, కులాన్ని నిర్మూలించడం వేరు. 1936లో అంబేద్కర్ రాసి, చదవనివ్వకపోతే తనే అచ్చువేసుకున్న ఉపన్యాసం ఈ తేడా గురించే. కులానికి ఆధారమైన శాస్త్రాల పవిత్రతను ముట్టుకోకుండా ఏకత్వం పాడితే ఆ పాట పైనున్నవాడికి నిద్రకు పనికొస్తుంది. ఆలిస్ కోల్ట్రేన్ శాస్త్రాల జోలికి పోలేదు. వాటి కింద నలిగినవాళ్ళు ఉన్నారన్న సంగతి ఆ క్యాసెట్లలో ఎక్కడా వినబడదు.

మన వైపు నుంచి చేతులు చాచినవాళ్ళు ఉన్నారు. ఫూలే 1873లో 'గులాంగిరీ'ని నల్లవాళ్ళ బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు బ్లాక్ పాంథర్ల పేరు పెట్టుకున్నారు. ఆ ఏడు ఆమె కూడా ఇండియా వైపే చూస్తోంది. కానీ ఆమె చూసిన ఇండియాలో స్వాములున్నారు, వాడ లేదు. తప్పు ఆమె ఒక్కదానిదే అనలేం. బయటి లోకానికి ఇండియాను చూపించే కిటికీ దగ్గర ఎప్పుడూ నిలబడి ఉన్నవాళ్ళెవరో మనకు తెలుసు.

6. బజారు తిరిగి వచ్చింది

ఆమె పోయిన పదేళ్ళకు, 2017లో, లువాకా బాప్ కంపెనీ ఈ క్యాసెట్లలోంచి పాటలు ఏరి సంకలనం తెచ్చింది. ప్రపంచ ఆధ్యాత్మిక సంగీతం అన్న వరసలో మొదటిదిగా వేసింది. అంతకుముందు వినలేనివాళ్ళు దాని పుణ్యాన విన్నారు. మేమూ అట్లా విన్నవాళ్ళమే. కాదనం. కానీ 'ప్రపంచ ఆధ్యాత్మికం' అన్న అట్ట వేయగానే డెట్రాయిట్ చర్చి అంచుకు పోతుంది. నల్లవాళ్ళ గుంపు ఒక మూడ్‌గా మారుతుంది. యోగా క్లాసుల్లో, ఖరీదైన కాఫీ హోటళ్ళలో ఆ చప్పట్లు మోగొచ్చు. అక్కడ చప్పట్లు కొట్టిన చేతుల గురించి అడిగేవాళ్ళుండరు.

2021లో ఇంపల్స్ కంపెనీ 'తురీయ సింగ్స్'ను మళ్ళీ తెచ్చింది. ఈసారి 1982 క్యాసెట్‌లో ఉన్న తంతివాద్యాలు, సింథసైజర్లు లేవు. ఆమె గొంతు, వర్లిట్జర్ ఆర్గన్ మాత్రమే ఉన్న రూపాన్ని కొడుకు రవి కోల్ట్రేన్ ఎంచి విడుదల చేశాడు. వినడానికి ఇది గుండెల్ని పట్టేస్తుంది. ముందు మేం చెప్పిన చావింటి అనుభవం ఇందులో ఇంకా స్పష్టం. కానీ ఒక మాట అడగాలి. 1982లో ఆమె అన్ని వాద్యాలూ చేర్చి తన జనం చేతికి ఇచ్చింది. అది ఆమె తీర్పు. వాటిని తీసేస్తే అసలైనది దొరుకుతుందన్న నమ్మకం మన జానపద సేకర్తల్లో కూడా ఉంది. డప్పు పక్కన క్యాషియో కీబోర్డు ఉంటే వాళ్ళ మొహం మాడిపోతుంది. వాడలో కరెంటు వాయిద్యం ఉండకూడదు, దళితుడి పాట మట్టివాసన వేస్తూనే ఉండాలి. అణగారినవాళ్ళు కొత్త యంత్రాన్ని పట్టుకుని తమ శబ్దం మార్చుకుంటే అది కల్తీ కాదు. ఆ సింథసైజరు కూడా ఆమె స్వాతంత్ర్యంలో భాగమే. రెండు రూపాలూ జనానికి అందుబాటులో ఉండాలని మా వాదన.

ఆశ్రమం భూమి 2017లో చేయి మారింది. 2018 నవంబరులో వచ్చిన వూల్జీ కార్చిచ్చులో ఆ కట్టడాలు కాలిపోయాయి. గోడలు పోయాయి, టేపులు మిగిలాయి.

7. మన ట్రంకు పెట్టెలు

ఇక మన సంగతి. ఏ మాలపల్లెలోనైనా, మాదిగగూడెంలోనైనా పాత ట్రంకు పెట్టె తెరిచి చూడండి. గుడ్డలో చుట్టిన క్యాసెట్లు ఉంటాయి. టేప్‌రికార్డరు ముందు అవ్వ పాడిన పాట, ఇంటి కూడికలో పాడిన కీర్తన, ఆల్‌నైట్ ప్రార్థనలో తెల్లవారుజామున సగం ఏడుస్తూ చెప్పిన సాక్ష్యం, మాలదాసరి పాడిన తత్వం, దున్న ఇద్దాసు పరంపర భజన, బిడ్డ చనిపోయిన ఏడాదికి తల్లి కట్టుకున్న పాట. ఎవరికోసమో చేసినవి కావు. ఎవరికీ అమ్మినవి కావు. పాడినవాళ్ళు కొందరు ఇప్పుడు లేరు.

మన దళిత సాహిత్య విమర్శ 1985 కారంచేడు, 1991 చుండూరుల తర్వాత పోరాట పాటను సేకరించింది, అచ్చువేసింది, బోధించింది. మంచిపని. భక్తి పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముక్కు మూసుకుంది. అది హిందూ భావజాలమనో, మిషనరీ భావజాలమనో పక్కన పెట్టింది. ఆ పాటల్ని పాడింది ఎక్కువగా ఆడవాళ్ళు కావడం కూడా ఈ చిన్నచూపులో ఒక పాలు అని మేం ఇప్పుడు ఒప్పుకుంటున్నాం. ఊరేగింపులో పాడిన మగవాడి గొంతు చరిత్ర అయింది. పొయ్యి దగ్గర పాడిన ఆడమనిషి గొంతు అమాయకత్వం అయింది.

ఆలిస్ కోల్ట్రేన్ భావజాలాన్ని మేం ఒప్పుకోలేదు. ఆమె పాటలో తన జనం చరిత్ర నిలవ ఉందని మాత్రం చెవితో తెలుసుకున్నాం. అట్లాగే మన అవ్వ కీర్తనలో ఏ పదం మిషనరీది, ఏ రాగం కోతల పాటది, ఏ చోట గొంతు తడబడింది, ఆ తడబాటు ఎవరి పొలంలో, ఎవరి గుమ్మంలో తిన్న దెబ్బ నుంచి వచ్చింది అని అడగవచ్చు. మాటల్ని ఖండిస్తూనే గొంతును కాపాడవచ్చు. ఈ రెండు పనులూ ఒక్క విమర్శకుడే చెయ్యాలి.

పని వివరంగా చెప్తాం. టేపుకు బూజు పట్టకముందే ఎక్కించుకోండి. పాడిన మనిషి పేరు, పల్లె, ఉపకులం, ఏ చర్చి లేక ఏ గురువు పరంపర, ఏ సందర్భం, వెనక అందుకున్నవాళ్ళెవరు అన్నవి రాసి పెట్టండి. ఇంట్లోవాళ్ళు వద్దంటే వద్దు. దాచుకునే హక్కు కూడా వాళ్ళదే, కుండ బోర్లించింది అందుకే. ఎక్కించుకున్నాక ఒక కాపీ ఆ ఇంట్లోనే పెట్టి రండి. విశ్వవిద్యాలయాల బీరువాల్లోకి వెళ్ళి తిరిగిరాని మన వస్తువులు ఇప్పటికే చాలా ఉన్నాయి. కీబోర్డు శబ్దం ఉంటే తీసెయ్యొద్దు. పక్కింటి కుక్క అరుపు వినబడితే అదీ ఉండనివ్వండి. అది ఏ వీధో రేపు ఆ ఇంటి మనవరాలికి దాన్ని బట్టే తెలుస్తుంది.